ఊరు–వాడ (9): "మీరేవిట్లు?"

పోయిన ఆదివారం సాయంత్రం నా స్టూడెంట్ ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఈ ఏడాదే పీజీలో చేరింది. హాస్టల్లో సీటు రాలేదు. ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి నెల్లూరులో రూము వెతుక్కుంటా ఉంది. నాలుగు రోజుల్లో పదకొండు ఇళ్లు చూశారంట.

"మేడం, ఒకటి అడుగుతా, తప్పుగా అనుకోబాకండి" అనింది.

అడగమన్నాను.

"ఇంటిపేరు మార్చి చెప్పేదా?"

క్లాసులో ఎవరు ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పేదాన్ని. దీనికి మాత్రం "రేపు చెప్తాలే" అని ఫోన్ పెట్టేశాను. వారం గడిచింది, ఆ రేపు రాలేదు. ఆ బిడ్డకు నేను బాకీపడిన జవాబు ఇది. ఆమెకు చెప్పాల్సిందే మీకందరికీ చెప్తున్నాను. ఎందుకంటే ఇది చదువుతున్న వాళ్లలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు బ్యాగు భుజానేసుకుని టు-లెట్ బోర్డుల కింద తిరిగినవాళ్లే.

*

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేశాను. అయినా కులం అడగడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో నాకు నేర్పింది నిఘంటువులు కాదు, ఇంటి ఓనర్లు.

"మీరేవిట్లు?" ఇది సూటి ప్రశ్న. కాస్త మర్యాదస్తులైతే "ఇంటిపేరేంది?" అంటారు. దాంతో తేలకపోతే "సొంతూరేది?" అంటారు. ఊరి పేరు చెప్తే "ఊళ్లో ఏ పక్క?" అంటారు. ఆ "ఏ పక్క"లోనే ఉంది అంతా. తూర్పా, పడమరా, గుడి దగ్గరా, చెరువు కిందా అని ఒక్క మాట చెప్తే చాలు, మన పుట్టుపూర్వోత్తరాలన్నీ వాళ్లకు తెలిసిపోతాయి. తెలియకపోతే "ఫలానా ఆయన మీకేమవుతాడు?" అని ఒక పెద్దమనిషి పేరు తీస్తారు. "ఆదివారం పూట ఇంట్లోనే ఉంటారా, యాడికన్నా పోతారా?" అంటే అది చర్చి గురించి. "పూజ గది ఉంది, వాడుకుంటారా?" అన్నా అదే.

ఇక తిండి గురించి. నెల్లూరంటే చేపల పులుసు. ఈ ఊరి పేరు చెప్పుకుని హైదరాబాదులో, బెంగళూరులో హోటళ్లు నడుస్తున్నాయి. మామిడికాయ ముక్కలేసిన పులుసు వాసన వంటింట్లోంచి వరండా దాకా వస్తా ఉంటే, అదే వరండాలో నన్ను నిలబెట్టి "మేం నాన్‌వెజ్ వాళ్లకి ఇవ్వమమ్మా" అనిన ఇల్లు ఒకటి నేను చూశాను. ఇంకో ఓనరు ఆమె కంటే నిజాయితీపరుడు. "చేపలు పర్లేదు, కోడి పర్లేదు. అది మాత్రం..." అని ఆగాడు. దానికి ఆయన నోట్లో పేరు లేదు. అడిగింది కూర గురించి కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇంకొకటి గమనించాను. గేటు తీసేటప్పుడు నేను "మేడం". "లెక్చరరా, రండి మేడం, కూర్చోండి." పది నిమిషాల తర్వాత, తెలియాల్సింది తెలిశాక, "చూడమ్మా, మా తమ్ముడు దుబాయి నుంచి వస్తానంటా ఉండాడు, వాడికే ఇవ్వాల్సొచ్చేట్టుంది." "మేడం" నుంచి "చూడమ్మా"కి దిగడానికి పట్టే సమయం ఎంతో, నా పీహెచ్‌డీ విలువ అంత.

*

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఇది నేను ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

ఉద్యోగం వచ్చిన మొదటేడు మాకు ఇల్లు దొరకలేదు. చివరికి ఒక బ్రోకరు దొరికాడు. ఆయన మమ్మల్నొక ఇంటికి తీసుకుపోయి, మేం నోరు తెరవకముందే ఓనరుతో మా కులమేదో చెప్పేశాడు. అది మా కులం కాదు. మా ఆయన నా మొహం చూశాడు. నేను నేల చూశాను. ఇద్దరం కాదనలేదు. అడ్వాన్సు ఇచ్చి తాళాలు తీసుకున్నాం.

ఆ ఇంట్లో రెండేళ్లున్నాం. ఓనరమ్మ మంచిదే. పండక్కి అరిసెలు పంపేది. ఆ అరిసెలు తింటా ఉంటే గొంతులో అడ్డం పడేవి. అవి నాకు పంపినవి కాదు, బ్రోకరు కనిపెట్టిన ఇంకెవరో ఆడమనిషికి పంపినవి. మా చుట్టాల పెళ్లి కార్డులు వస్తే గుమ్మంలోనే చించేసేదాన్ని. చర్చికి పోయే మా అత్తను ఇంటికి రమ్మనేదాన్ని కాదు. ఏప్రిల్ 14న ఊరేగింపుకు పోవాలంటే కాలేజీ పని అని చెప్పి పోయేదాన్ని. గోడకు ఉండాల్సిన అంబేద్కర్ పటం బీరువాలో చీరల కింద ఉండేది.

మా అమ్మకు కంట్లో శుక్లం ఆపరేషన్ చేయించాల్సి వచ్చి ఊరి నుంచి తీసుకొచ్చాను. మాది మైపాడు సముద్రం వైపు ఒక పల్లె. అమ్మ నలభై ఏళ్లు నాట్లేసిన మనిషి. ఆటోలో వచ్చేటప్పుడే చెప్పాను: "ఓనరమ్మ ఏమడిగినా నువ్వు మాట్లాడబాకమ్మా. నేను చెప్తా." నోరు పెద్దదని పల్లెంతా పేరు మోసిన మా అమ్మ, ఆ ఇంట్లో వారం రోజులు ఒక్క మాట మాట్లాడలేదు. ఓనరమ్మ "మీ అమ్మగారు పాపం చాలా నెమ్మదస్తురాలు" అనింది.

పోయేరోజు పొద్దున కట్టు విప్పిన కంటితో అమ్మ గోడలన్నీ చూసింది. "మే, అంబేద్కరయ్య పటం యాడబెట్టినావు?" అనింది. నేను బీరువా తీసి చూపించాను. అమ్మ చీరలు కాస్త సర్ది, పటం మీద చెయ్యి పెట్టి, బీరువా తలుపు తనే మూసింది. ఏమీ అనలేదు. తిట్టుంటే బాగుండేది.

ఆ నెలాఖరుకే ఇల్లు ఖాళీ చేశాం. ఇప్పుడు నేనుండేది మావాళ్లదే, ఒక రిటైర్డ్ టీచరుగారి ఇల్లు. పటం గోడకుంది. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. వీధి పేరు కూడా అంబేద్కర్ నగరే. పల్లె నుంచి చదువుకుంటా వచ్చి, ఇంకో వాడలో దిగాను. నన్నెవరూ కర్ర పుచ్చుకుని తరమలేదు. పదిచోట్ల "చూడమ్మా" అంటే చాలు, పదకొండో చోటుకి మన కాళ్లే మనల్ని తీసుకుపోతాయి. పట్నంలో వాడ తయారయ్యే పద్ధతి ఇదే.

*

పేరు దాచుకుని ఇంట్లో దిగిన మొదటి మనిషిని నేను కాదు. ఆ పటంలో ఉన్నాయనే ముందు.

1917లో అంబేద్కర్ బరోడా వెళ్లారు. అమెరికాలో, లండన్‌లో చదువుకుని వచ్చారు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌కు బదులుగా అక్కడ ఉద్యోగం చెయ్యాలి. ఉద్యోగముంది, తలదాచుకునే చోటు లేదు. హిందూ హోటలు రానివ్వదు. చివరికి పార్సీల సత్రంలో పార్సీ పేరు చెప్పి దిగారు. పదకొండో రోజున కర్రలు పుచ్చుకుని కొందరు వచ్చి సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఒక హిందూ స్నేహితుణ్ణి, ఒక క్రైస్తవ స్నేహితుణ్ణి అడిగారు. ఇద్దరూ మర్యాదగానే చెయ్యి చూపించారు. తోటలో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు. తర్వాత చాలా ఏళ్లకు "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఇదంతా ఆయనే రాసుకున్నారు.

పల్లె విడిచి పట్నం రండి అని మనకు చెప్పింది ఆయనే. పట్నం తనను ఏం చేసిందో తెలిసీ చెప్పారు. ఆ మాట మనం సగమే విన్నాం. పట్నం కులం లేని చోటు కాదు. కులం మీద కాస్త ఎక్కువ సౌకర్యంగా కొట్లాడటానికి వీలున్న చోటు. ఆ కొట్లాట మిగిలిన సగం.

*

"ఇదంతా డబ్బు సమస్యండీ, కులం కాదు" అనే మిత్రులు కామెంట్లలో ఎలాగూ వస్తారు. వాళ్లకు ముందే చెప్తాను.

2001 జనాభా లెక్కల్ని వార్డుల వారీగా తీసుకుని త్రినా వితయతిల్, గాయత్రి సింగ్ అనే ఇద్దరు పరిశోధకులు మన దేశంలోని ఏడు పెద్ద నగరాల్ని పరిశీలించారు. అందులో మన హైదరాబాదు కూడా ఉంది. 2012లో అచ్చయిన ఆ వ్యాసం తేల్చిందేమంటే, ఈ నగరాల్లో మనుషులు ఆస్తి అంతస్తుల్ని బట్టి విడిపోయిన దానికంటే కులాన్ని బట్టి విడిపోయింది ఎక్కువ. 2015లో సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ చుట్టుపక్కల ఇంకో పని చేసింది. ఒకే రకం చదువు, ఒకే రకం ఉద్యోగం చెప్పి, పేర్లు మాత్రం మార్చి ఇళ్లు అద్దెకు అడిగించింది. అగ్రకులం పేరుకు తలుపులు తెరుచుకున్నాయి. దళితుల పేరుకు కొన్ని మూసుకున్నాయి, కొన్నిచోట్ల అద్దె పెరిగింది, షరతులు పుట్టుకొచ్చాయి. ముస్లిం పేరుకు ఇంకా ఎక్కువ మూసుకున్నాయి. జీతం అదే, మారింది పేరే.

నెల్లూరు జిల్లాలో 2011 లెక్కల ప్రకారం ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా ఎస్సీలం. పదిమందిలో దాదాపు ఒకరు ఎస్టీలు, అందులో ఎక్కువమంది యానాదులు. ఇంతమందిమి ఉన్నాం కదా, జిల్లాలో ఏ ఊరికి పోయినా మా ఇళ్లు ఎక్కడున్నాయో అడక్కుండానే కనిపెట్టొచ్చు. ఊరికి ఒక పక్క ఎస్సీ కాలనీ. దానికీ అవతల, కాలవ గట్టు మీదో రొయ్యల గుంటల పక్కనో యానాదుల గుడిసెలు. రాత్రంతా ఆ గుంటలకు కాపలా కాసేది వాళ్లే. గుంట ఖరీదు లక్షల్లో ఉంటుంది, కాపలా మనిషి ఇంటికి పట్టా ఉండదు.

మన సాహిత్యం ఈ సంగతి ఎప్పుడో పట్టుకుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో రాసిన నవలకు హీరో పేరు పెట్టలేదు, చోటు పేరు పెట్టాడు: మాలపల్లి. క్లాసులో ఆ నవల చెప్పేటప్పుడు నేను మొదటి రోజంతా ఆ పేరు మీదే గడుపుతాను. ఊరి పేరుతో పనిలేకుండా ఒక చోటుకు పేరుండటం, ఆ పేరే అక్కడి మనుషుల అడ్రసు, కులం, జాతకం కావడం తెలుగువాళ్లకు వింతగా అనిపించదు. అందుకే అది వింత అని చెప్పడానికి ఒక రోజంతా పడుతుంది.

*

చరిత్ర చూస్తే మనం కదిలినప్పుడల్లా వాడ కూడా మనతో కదిలింది.

1840లో అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరు వచ్చారు. మిషన్ కాంపౌండు మనవాళ్లకు బడి ఇచ్చింది, ఆసుపత్రి ఇచ్చింది, తల ఎత్తుకుని నడిచే జాగా ఇచ్చింది. ఆ రుణం నేను కాదనను. కానీ అదీ గోడ ఉన్న చోటే. గోడ లోపల మనుషులం, గోడ దాటితే మళ్లీ పాత పేరే.

1985 జూలై 17న కారంచేడు. చావు తప్పినవాళ్లు చీరాలకు పరుగెత్తారు. పట్నం వాళ్లను కాపాడింది, దేశం మొత్తం వినేలా మాట్లాడే వేదికైంది. చివరికి వాళ్లు స్థిరపడింది చీరాలలో విజయనగర్ కాలనీ అనే విడి కాలనీలో.

2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థుల్ని హాస్టల్ గదుల్లోంచి వెళ్లగొట్టింది. వాళ్లు క్యాంపస్‌లో ఆరుబయట టెంటు వేసుకుని దానికి "వెలివాడ" అని పేరు పెట్టారు. ఆ నెల 17న రోహిత్ మనకు లేకుండా పోయాడు. ఆ పిల్లలు ఏ సిద్ధాంత గ్రంథమూ చెప్పనంత సూటిగా చెప్పారు. యూనివర్సిటీలో కూడా గది లాక్కుంటే మిగిలేది వాడే.

వాడ అంటే పరువు నష్టం ఒక్కటే కాదు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు భగత్ సింగ్ కాలనీలో, పొర్లుకట్ట పక్కన ఇళ్లలో నీళ్లు నిలిచాయి. అక్కడుండేది అన్ని కులాల పేదలు. అయినా అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఏటి పక్కన, పల్లంలో, కట్ట కింద ఉండాల్సింది ఎవరు అని ఎవరు నిర్ణయించారు? చోటును బట్టే బడి, మంచినీళ్లు, మురుగు కాలవ, అంబులెన్సు వచ్చే సమయం, బ్యాంకు లోను అన్నీ వస్తాయి. ఇల్లు ఎక్కడుందో తప్పితే మనిషి దగ్గర ఏమీ అడక్కుండానే ఆ మనిషికి ఏం దక్కాలో లెక్కేసెయ్యొచ్చు.

*

మా ఊరి గొప్ప ఒకటి చెప్పాలి. మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల్ని రానివ్వాలని 1946లో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేశారు. గుడి తలుపులు తెరుచుకున్నాయి. ఇవాళ ఈ జిల్లా పేరు ఆయన పేరే. ఆయన ప్రాణాలు పణంగా పెట్టింది మనకోసం కూడా అని నేను మా పిల్లలకు గౌరవంగా చెప్తాను.

ఆ తర్వాత మా పిల్లలు అడుగుతారు, "మేడం, దేవుడు ఒప్పుకున్నాడు సరే, ఓనరు ఎప్పుడు ఒప్పుకుంటాడు?"

గుడి తెరవడం సులువు, అందులో ఎవరూ కాపురం ఉండరు. పక్కింట్లో కాపురం అంటే మీ పిల్లలు, మా పిల్లలు ఒకే మెట్ల మీద ఆడుకుంటారు. పెద్దయ్యాక ఒకరినొకరు చూసి నవ్వుకుంటారు. అసలు భయం అక్కడుంది. పులుసు వాసన గురించి కాదు.

*

ఇక చట్టం. "ఇల్లు నాది, నాకిష్టమైన వాళ్లకిస్తా" అనేది ఓనర్ల బ్రహ్మాస్త్రం. లాయర్లు కూడా కొందరు తల ఊపుతారు.

1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకుంది. దాని నాలుగో సెక్షన్ చదవండి. ఏ ప్రాంతంలోనైనా సరే నివాస గృహం కట్టుకోవడానికి, సంపాదించుకోవడానికి, అందులో ఉండటానికి అంటరానితనం కారణంగా అడ్డుపడితే నేరం. నెల నుంచి ఆరు నెలల జైలు. పన్నెండో సెక్షన్ ఇంకా ముఖ్యం. ఎస్సీ మనిషి పట్ల ఆ నేరం జరిగితే, అది అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అవతలివాళ్లది. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన వారానికి, 1968 ఏప్రిల్‌లో, ఇళ్ల విషయంలో జాతి వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. మన చట్టం దానికంటే పాతది. దాన్ని వాడిన చప్పుడు మాత్రం మీరెప్పుడన్నా విన్నారా?

ఇంకోవైపు, 2005లో సుప్రీంకోర్టు ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం తమ మతస్తులకే అనే నిబంధన చెల్లుతుందని చెప్పింది. నాకు పార్సీల మీద కోపం లేదు, గుప్పెడు మంది మనుషులు. కానీ ఆ తీర్పు నీడలో రేపు ఏ బలిసిన కులమైనా తన అపార్ట్‌మెంటుకు, తన లేఅవుట్‌కు గోడ కట్టుకోవచ్చు. పైగా 1955 చట్టం అంటరానితనం గురించి. నా ముస్లిం స్టూడెంటుకు అది అక్కరకు రాదు. అందుకే ఇళ్లలో వివక్షకు ప్రత్యేకంగా, అందరికీ వర్తించే కొత్త చట్టం కావాలి. 2023లో అమెరికాలోని సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తే అందులో ఇళ్లను కూడా చేర్చింది. మన కులం అక్కడిదాకా పోయి చట్టం చేయించుకుంది. పుట్టినింట్లో మాత్రం దానికి అడ్డు చెప్పేవాడు లేడు.

*

ఉద్యమంలో ఉన్న నా అన్నలు కొందరు వేరే మాట అంటారు. "వాళ్ల మధ్య ఉండాలన్న ఆశ ఎందుకు మనకి? వాడే మన బలం. 1942లో నాగపూర్ సభలో మనకు విడి గ్రామాలు కావాలని అడిగింది అంబేద్కర్ వాళ్లే కదా?"

నిజమే, అడిగారు. భూమితో సహా అడిగారు. కూలి కోసం ఊరి మీద ఆధారపడకుండా బతికే గ్రామాలు అడిగారు. మన చేతిలో భూమి, అధికారం ఉండి మనం ఎంచుకున్న చోటు వేరు, ఎవరూ ఇవ్వక మిగిలిన చోటు వేరు. వాడలో ఉండాలనుకునేవాళ్లు గర్వంగా ఉండాలి. వాడకు కూడా ఊరికున్న నీళ్లు, రోడ్డు, బడి రావాలి. వద్దనుకునేవాళ్లకు ఊళ్లో ఏ తలుపైనా తెరుచుకోవాలి. ఈ రెండూ ఒకే హక్కు.

మనలో మనం ఒకటి అడుక్కోవాలి. మనవాళ్లలో ఉద్యోగాలొచ్చి రెండంతస్తులు కట్టుకున్నవాళ్లున్నారు. కింద మనం, పైన టు-లెట్. ఆ పైపోర్షన్‌ను ఎంతమందిమి యానాది కుటుంబానికి ఇచ్చాం? మాల ఓనరు మాదిగ కుటుంబానికి, మాదిగ ఓనరు రెల్లి కుటుంబానికి ఇస్తున్నారా? "వాళ్లు నీట్‌గా ఉండరు" అనే మాట మన వీధిలో కూడా నేను విన్నాను. అది మనది కాదు, మనల్ని అన్న మాటే. విని విని నేర్చుకున్నాం.

*

ఇక నా స్టూడెంటుకు జవాబు.

అమ్మా, నువ్వు పేరు మార్చి చెప్పి రూము తీసుకున్నా నేను నిన్ను తప్పు పట్టను. పరీక్షలు దగ్గరపడుతున్నాయి, తల మీద కప్పు కావాలి. ఆ అబద్ధం నీది కాదు, నీ చేత ఆడించినవాళ్లది. ఆ పనే చేసి అంబేద్కర్ చిన్నవాడు కాలేదు.

కానీ దాని ఖరీదు నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా. అద్దె ఒకటో తారీఖున కడతాం. దీన్ని రోజూ కట్టాలి. వాళ్ల దగ్గర పేరు దాస్తాం, తర్వాత మాట, తర్వాత పటం, చివరికి అమ్మను కూడా. ఆ చివరిది కట్టాక మన దగ్గర ఏమీ మిగలదు.

అందుకని నువ్వు ఒంటరిగా వెతకబాక. ఈ ఆదివారం మనం కలిసి పోదాం, నీ పేరుతోనే, నేను పక్కన ఉంటా. కాదన్న ప్రతి ఇంటి తేదీ, అన్న మాట, పెట్టిన మెసేజి నోట్‌బుక్కులో రాసిపెడదాం. బోర్డు మీద కులం రాస్తే ఫోటో తీద్దాం. ఢిల్లీలో థోరట్ బృందం చేసిన పని నెల్లూరులో మన పీజీ పిల్లలు చెయ్యలేరా? రెండు పేర్లు, రెండు ఫోన్లు, ఒక నెల చాలు. నాలుగో సెక్షన్ కింద మొదటి ఫిర్యాదు రాయడానికి లాయరు మిత్రులు ఇద్దరు ఒప్పుకున్నారు. హాస్టల్ సీట్లు పెంచమని, కొత్త హాస్టళ్లు ఊరి చివర కాకుండా కాలేజీల దగ్గరే కట్టమని వినతిపత్రం కూడా సిద్ధం చేస్తున్నాం.

చదివే మిత్రులకు చిన్న పని. మీకు జరిగింది కింద రాయండి. ఓనరు పేరు, ఇంటి నంబరు వద్దు. ఏ ఊరు, ఏ ఏడు, ఏ మాట అన్నారో రాయండి. "మీరేవిట్లు?"కి మన తెలుగులో ఎన్ని రూపాలున్నాయో ఒకచోట చేరుద్దాం. మన పేర్లున్న గదులు దొరికే దాకా అదే మన నిఘంటువు.

మా అమ్మ పోయినవారం ఫోన్ చేసి "పటం గోడకే ఉండాది గదా?" అని అడిగింది. ప్రతిసారీ అడుగుతుంది.

ఉందమ్మా.

జై భీమ్.

(వచ్చే భాగం: వాడలో శ్మశానం దారి)